మురిగిపోయే మైళ్ళతో గల్ఫ్ కార్మికుడికి ఇంటి టికెట్టు

సంపాదకులకు నమస్కారం.

గల్ఫ్ దేశాలు క్షమాభిక్ష ప్రకటించిన ప్రతిసారీ తెలుగు పత్రికల జిల్లా పేజీల్లో ఒకే తీరు వార్తలు చదువుతున్నాం. వీసా గడువు దాటినందుకు పడ్డ జరిమానా మాఫీ అయింది, మన రాయబార కార్యాలయం ఔట్‌పాస్ (పాస్‌పోర్టు లేనివారు ఇంటికి చేరేందుకు ఇచ్చే తాత్కాలిక ప్రయాణ పత్రం) ఇచ్చింది, దేశం విడిచి వెళ్ళడానికి అక్కడి ప్రభుత్వం అనుమతించింది, అయినా టికెట్టుకు డబ్బు లేక ఫలానా మండలానికి చెందిన కార్మికుడు క్యాంపులోనే ఉండిపోయాడు, దాతలు ఆదుకోవాలని భార్యాపిల్లలు వేడుకుంటున్నారు అన్నది ఆ వార్తల సారాంశం. 2024లో కువైట్ మార్చి నుంచి జూన్ దాకా, యూఏఈ సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా క్షమాభిక్ష అమలు చేశాయి. ఇటువంటి గడువులు మళ్ళీ వస్తాయి, ఇటువంటి విజ్ఞప్తులూ మళ్ళీ వస్తాయి. నేను జగిత్యాల జిల్లాలో పుట్టి, చాలా ఏళ్ళుగా న్యూజెర్సీలో ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ణి. ఆ టికెట్టుకు కావలసింది మా వంటి వాళ్ళ దగ్గర డబ్బు రూపంలో కాకపోయినా మరో రూపంలో పోగుపడి ఉందనీ, అందులో చెప్పుకోదగ్గ భాగం ఎవరికీ అక్కరకు రాకుండానే మురిగిపోతోందనీ చెప్పడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. తరచుగా ప్రయాణించేవారి ఖాతాల్లో విమాన సంస్థలు జమ చేసే, డబ్బుకు బదులు టికెట్టుకు చెల్లే మైళ్ళ గురించి నేను మాట్లాడుతున్నాను.

ఈ మైళ్ళ పద్ధతి కొత్తదేమీ కాదు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981 మే నెలలో ఆడ్వాంటేజ్ పథకంతో దీన్ని పెద్దయెత్తున మొదలుపెట్టింది; పోటీ సంస్థలు వెంటనే అదే బాట పట్టాయి. మొదట్లో ఎగిరిన దూరాన్ని బట్టి మైళ్ళు వచ్చేవి. ఇప్పుడు పెద్ద సంస్థల్లో చాలావరకు టికెట్టుకు పెట్టిన ఖర్చును బట్టి వేస్తున్నాయి, అది కాక క్రెడిట్ కార్డు మీద సరుకులు కొన్నా, పెట్రోలు పోయించుకున్నా మైళ్ళు జమవుతున్నాయి. ఆ మైళ్ళను బ్యాంకులు విమాన సంస్థల దగ్గర డబ్బు పెట్టి కొని తమ ఖాతాదారులకు ఇస్తాయి. ఈ వ్యాపారం ఎంత పెద్దదో కరోనా కాలంలో బయటపడింది. విమానాలు ఎగరక రాబడి పడిపోయిన 2020లో యునైటెడ్ సంస్థ తన మైలేజ్‌ప్లస్ పథకాన్ని హామీగా పెట్టి 680 కోట్ల డాలర్లు, డెల్టా సంస్థ స్కైమైల్స్‌ను హామీగా పెట్టి 900 కోట్ల డాలర్లు అప్పు తెచ్చుకోగలిగాయి. అందువల్ల మన ఖాతాలో ఉన్న మైళ్ళను విమాన సంస్థ సంతోషం కొద్దీ ఇచ్చిన కానుక అనుకోనక్కరలేదు. వాటికి ఎవరో ఒకరు ముందే డబ్బు కట్టారు. టికెట్టుకో, కార్డుకో మనం కట్టాం, లేదా మన కంపెనీ కట్టింది, లేదా బ్యాంకు కట్టింది. మనం వాడకుండా వదిలేసిన ప్రతి మైలూ సంస్థకు మిగులే.

వాడకుండా వదిలేయడం చాలా సులువు కూడా. హైదరాబాదుకు దుబాయి మీదుగా వచ్చేవాళ్ళు ఎక్కువగా చేరే ఎమిరేట్స్ స్కైవార్డ్స్ పథకంలో మైళ్ళకు మూడేళ్ళే ఆయుష్షు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ వారి క్రిస్‌ఫ్లయర్‌లోనూ అంతే. అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో రెండేళ్ళపాటు ఖాతాలో ఏ కదలికా లేకపోతే ఉన్నవన్నీ పోతాయి. డెల్టా, యునైటెడ్ మైళ్ళకు గడువు లేదు కానీ, ఏ ప్రయాణానికి ఎన్ని మైళ్ళు అన్న పట్టికను డెల్టా 2015లో, యునైటెడ్ 2019లో ఎత్తేశాక ఆ మైళ్ళ విలువ సంస్థ ఇష్టాన్ని బట్టి మారుతోంది. నిరుడు టికెట్టు వచ్చినన్ని మైళ్ళకు ఈ ఏడు వస్తుందన్న భరోసా లేదు. ఇక మైళ్ళు మన ఆస్తి కావని చాలా పథకాల నిబంధనల్లోనే రాసి ఉంటుంది. ఒక సభ్యుడి ఖాతాను విమాన సంస్థ రద్దు చేసిన వ్యాజ్యంలో 2014లో అమెరికా సుప్రీంకోర్టు సంస్థ పక్షానే తీర్పు చెప్పింది. దాచుకుంటే పెరిగేవి కావు, పిల్లలకు రాసి ఇవ్వగలిగినవీ కావు. పదవీ విరమణ తరువాత వాడుకుందామని పోగు చేస్తున్న మిత్రులకు నేను ఈ సంగతే చెబుతుంటాను.

మైళ్ళను దానం చేసే అలవాటు అమెరికాలో, కెనడాలో బాగా వేళ్ళూనుకున్నది. ప్రాణాపాయ స్థితిలో ఉన్న పిల్లల కోరికలు తీర్చే మేక్-ఎ-విష్ సంస్థ 1980లో అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్‌లో, ల్యుకేమియాతో ఉండి పోలీసు కావాలని ఆశపడిన ఏడేళ్ళ బాలుడి కోరిక తీర్చడంతో మొదలైంది. ఆ సంస్థ నెరవేర్చే కోరికల్లో ఎక్కువ భాగం ఏదో ఒక చోటికి ప్రయాణించడంతో ముడిపడి ఉంటాయి కాబట్టి, ఒక ఏడాదిలో అన్ని ప్రయాణాలకూ కలిపి 280 కోట్ల మైళ్ళకు పైగా కావాలని ఆ సంస్థే చెబుతుంది. గాయపడి సైనిక ఆసుపత్రుల్లో ఉన్న సైనికుల దగ్గరకు వాళ్ళ కుటుంబాలను చేర్చేందుకు 2003లో మేరీల్యాండ్ కాంగ్రెస్ సభ్యుడు డచ్ రూపర్స్‌బర్గర్ చొరవతో మొదలైన హీరో మైల్స్ కార్యక్రమాన్ని ఫిషర్ హౌస్ ఫౌండేషన్ నడుపుతోంది. కెనడాలో ఎయిర్ కెనడా ఫౌండేషన్ దూరప్రాంతాల పిల్లలను పెద్ద ఆసుపత్రులకు చేర్చేందుకు ఏరోప్లాన్ (ఎయిర్ కెనడా వారి మైళ్ళ పథకం) పాయింట్లను పిల్లల ఆసుపత్రులకే ఇస్తుంది. ఇవి మంచి సంస్థలు. వీటికి మైళ్ళు ఇచ్చే తెలుగువారు కొందరు నాకు తెలుసు, వారిని చూస్తే నాకు గౌరవం.

అయితే దానం చేసేవారు ముందు ఒక విషయం గ్రహించాలి. మైలు టికెట్టుగా మారినప్పుడే దానికి పూర్తి విలువ. కొన్ని పథకాల్లో మనం ఇచ్చిన మైళ్ళను విమాన సంస్థ నగదుగా లెక్కకట్టి సేవా సంస్థకు అందిస్తుంది. ఆ లెక్కలో ఒక్కో మైలుకు దక్కేది, అదే మైలుతో టికెట్టు తీస్తే వచ్చే విలువ కంటే తక్కువగా ఉంటుంది. కాబట్టి అన్నదానానికో, బడి కట్టడానికో, వరద బాధితులకో సాయం చేయదలచినవారు నగదే ఇవ్వాలి. మైళ్ళను మాత్రం ఎవరో ఒక మనిషి ఒక చోటి నుంచి ఇంకొక చోటికి విమానంలో వెళ్ళవలసిన అవసరానికే ఇవ్వాలి. దానం చేయడం కోసమే మైళ్ళు కొనడం మరీ దండగ. విమాన సంస్థలు మైళ్ళను అమ్మేటప్పుడు ఒక్కోదానికి మూడు సెంట్లకు పైగా వసూలు చేస్తాయి, వాడబోయేసరికి అందులో సగం విలువ రావడమే కష్టం. పన్ను మినహాయింపు వస్తుందన్న ఆశ కూడా పెట్టుకోకూడదు. అమెరికాలో మైళ్ళ దానానికి ఆదాయపు పన్నులో మినహాయింపు లేదు, మన దేశంలోనూ వస్తురూపంలో ఇచ్చే విరాళాలకు ఆ మినహాయింపు వర్తించదు.

వీటన్నిటిలో మనం ప్రత్యేకంగా పరిశీలించవలసినది 2016లో మొదలైన మైల్స్ ఫర్ మైగ్రెంట్స్ అనే సంస్థ పనితీరు. శరణార్థులుగా గుర్తింపు పొంది, మరో దేశంలో కాలు పెట్టేందుకు చట్టబద్ధంగా అనుమతి సంపాదించుకుని కూడా, టికెట్టు కొనలేక భార్య ఒక ఖండంలో, భర్త మరో ఖండంలో ఉండిపోయిన కుటుంబాలను కలపడం ఈ సంస్థ పని. 2021 ఆగస్టులో కాబూల్ తాలిబన్ల చేతిలోకి వెళ్ళాక అఫ్ఘన్ కుటుంబాల కోసం, 2022లో యుక్రెయిన్ నుంచి వచ్చినవారి కోసం ఇది విస్తృతంగా పనిచేసింది. ఇందులో దాత తన మైళ్ళను సంస్థ ఖాతాకు బదిలీ చేయనక్కరలేదు. తన దగ్గర ఏ సంస్థ మైళ్ళు ఎన్ని ఉన్నాయో, వాటిలో ఎన్ని ఇవ్వదలచాడో నమోదు చేసుకుంటాడు. ప్రయాణికుడి కాగితాలు సిద్ధమయ్యాక, ఆ దారిలో మైళ్ళకు దొరికే సీటును వెతికి పట్టుకోవడం తెలిసిన వాలంటీర్లు దాతకు వివరాలు పంపుతారు. దాత తన ఖాతాలోంచి ఆ ప్రయాణికుడి పేరుతో టికెట్టు తీస్తాడు. సభ్యుల మధ్య మైళ్ళ బదిలీకి విమాన సంస్థలు వేసే రుసుము ఇందులో పడదు. విమాన సంస్థతో ముందుగా ఒప్పందం కుదరాల్సిన పని లేదు. అన్నిటికంటే ముఖ్యం, ఇచ్చిన మైళ్ళు ఏ మనిషిని ఏ ఊరికి చేర్చాయో దాతకు తెలుస్తుంది.

చట్టపరంగా అడ్డంకులన్నీ తొలగి, చేతిలో కాగితం ఉండి, ఒక్క టికెట్టు దగ్గర ఆగిపోయిన మనిషి అన్న ఈ వర్ణన క్షమాభిక్ష కాలంలోని గల్ఫ్ కార్మికుడికి అక్షరాలా సరిపోతుంది. కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దగ్గర నుంచి బయటికి వచ్చేసి, అకామా (నివాస అనుమతి పత్రం) లేక, మా ఊళ్ళలో అనే మాటలో చెప్పాలంటే కల్లివల్లి, అంటే కాగితాలు లేనివాడు అయి, దొరికిన కూలి చేసుకుంటూ ఏళ్ళు గడిపినవాడు అతను. అప్పు తీరలేదు, తల్లి చనిపోయినా రాలేకపోయాడు. క్షమాభిక్షతో అతనికి ఒక తలుపు కొద్ది నెలలపాటు తెరుచుకుంటుంది. అతనికి కావలసింది ఒక వైపు టికెట్టు మాత్రమే. ఆపదలో ఉన్నవారికి సాయం చేసేందుకు మన రాయబార కార్యాలయాల్లో 2009 నుంచి భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉన్న మాట నిజం. నిస్సహాయ స్థితిలో ఉన్నవారి విమాన ఖర్చు అందులోంచి భరించవచ్చు. కానీ ఒక్కో దరఖాస్తునూ పరిశీలించి మంజూరు చేయాలి, క్షమాభిక్ష సమయంలో వేలమంది ఒకేసారి కిటికీ ముందు నిలబడతారు. అక్కడ దాతల మైళ్ళు ప్రభుత్వ నిధికి తోడు నిలవగలవు.

మైళ్ళు అమెరికాలో, టికెట్టు అవసరం గల్ఫ్‌లో, ఈ రెండూ ఎలా కలుస్తాయని పాఠకులు అడగవచ్చు. కలుస్తాయి, అది కూడా మనం అనుకున్నదానికంటే సులువుగా. విమాన సంస్థలు కూటములుగా ఏర్పడి ఒకరి మైళ్ళను మరొకరి విమానాల్లో చెల్లనిస్తున్నాయి. అమెరికన్ ఎయిర్‌లైన్స్ మైళ్ళతో ఖతార్ ఎయిర్‌వేస్ విమానంలో దోహా నుంచి హైదరాబాదుకు టికెట్టు తీయవచ్చు. ఎయిర్ ఇండియా 2014 నుంచి, యునైటెడ్, ఎయిర్ కెనడా ఉన్న స్టార్ అలయెన్స్ కూటమిలో సభ్యురాలు కనుక యునైటెడ్ మైళ్ళతోనూ, కెనడాలోని మనవాళ్ళ ఏరోప్లాన్ పాయింట్లతోనూ ఎయిర్ ఇండియా విమానాల్లో గల్ఫ్ నుంచి ఢిల్లీకో ముంబయికో, అక్కడి నుంచి ఇంటికో చేర్చవచ్చు. డెల్టా మైళ్ళు సౌదియా విమానాల్లో పనికొస్తాయి, జెద్దా, రియాద్‌లలో ఉన్నవారికి అదే దగ్గరి దారి. ఎమిరేట్స్ మైళ్ళ సంగతి చెప్పనే అక్కరలేదు. న్యూయార్క్ నుంచి దుబాయి మీదుగా హైదరాబాదు వచ్చే తెలుగు ఇంజినీరు దుబాయిలో విమానం మారాక పక్క సీట్లో కూర్చునేది తరచుగా నిజామాబాదు వైపు కార్మికుడో, కడప జిల్లా నుంచి ఇంటిపనికి వెళ్ళి తిరిగి వస్తున్న మహిళో అయి ఉంటారు. ఇద్దరూ ఒకే విమానంలో అదే దూరం ఎగురుతారు. మైళ్ళు మాత్రం ఇంజినీరు ఖాతాలో పడతాయి, ఎందుకంటే ఆ పథకంలో పేరు నమోదు చేసుకోవచ్చని రెండోవారికి ఏ ఏజెంటూ చెప్పలేదు.

ఇటువంటి టికెట్లు తీసిన అనుభవం నాకు కొంత ఉంది కనుక, పని ఎక్కడ చిక్కుపడుతుందో చెప్పడం అవసరం అనుకుంటున్నాను. మొదటి చిక్కు పేరు దగ్గరే. కార్మికుడు వాట్సాప్‌లో పంపే పాస్‌పోర్టు ఫొటోలో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, ఉన్న పేరంతా రెండో గడిలో ఉంటుంది, కొన్నిసార్లు ఇంటిపేరూ పేరూ కలిపి ఒకే మాటగా అచ్చయి ఉంటాయి. విమాన సంస్థ వెబ్‌సైటు ఇంటిపేరు లేనిదే ముందుకు పోనివ్వదు. కొన్ని సంస్థలు ఉన్న పేరునే రెండు గడుల్లోనూ వేయమంటాయి, కొన్ని వేరే పద్ధతి చెబుతాయి. ఆ సంస్థ నియమం కనుక్కోకుండా మనకు తోచినట్టు ఏదో ఒకటి వేస్తే, ఎయిర్‌పోర్టులో కౌంటరు దగ్గర ఆపేది ఆ మనిషిని. పాస్‌పోర్టే లేక ఔట్‌పాస్ మీద వస్తున్నవారైతే ఆ కాగితంలో పేరు ఎలా ఉందో, అక్షరం పొల్లుపోకుండా టికెట్టులోనూ అలాగే ఉండాలి. అందుకే ఔట్‌పాస్ చేతికి రాకముందే టికెట్టు తీయడం మంచిది కాదని నా అభిప్రాయం.

తేదీల విషయంలో మాత్రం మైళ్ళ టికెట్టుకు ఒక పెద్ద సౌకర్యం ఉంది. అమెరికాలోని మూడు పెద్ద సంస్థల మైళ్ళతో తీసిన టికెట్టును ప్రయాణానికి ముందు రద్దు చేసుకుంటే సాధారణంగా మైళ్ళన్నీ తిరిగి ఖాతాలోకి వస్తాయి. వేలిముద్రల తనిఖీ వాయిదా పడిందనో, పాత కేసు ఒకటి బయటపడిందనో చివరి రోజున ప్రయాణం ఆగిపోవడం గల్ఫ్‌లో మామూలే. చవకగా డబ్బు పెట్టి కొన్న టికెట్టయితే అలా ఆగినప్పుడు పోయినట్టే. మైళ్ళ టికెట్టయితే మరో తేదీకి మళ్ళీ తీయవచ్చు. పన్నులు, విమాన సంస్థ వేసే అదనపు రుసుములు మైళ్ళతో తీరవు, వాటిని కార్డు మీద కట్టాలి. సంస్థను బట్టి అవి స్వల్పంగానూ ఉండవచ్చు, గణనీయంగానూ ఉండవచ్చు కాబట్టి ముందే చూసుకోవాలి. మైళ్ళ సీట్లు ఒక్కో విమానంలో కొన్నే ఉంటాయి. వారం మధ్యలో దొరికినట్టు శుక్రవారం దొరకవు. అన్ని పథకాలూ ఎవరి పేరు మీదనైనా టికెట్టు తీయనివ్వవన్నదీ గుర్తుంచుకోవాలి. క్రిస్‌ఫ్లయర్‌లో ముందే నమోదు చేసుకున్న ఐదుగురు నామినీలకే వీలవుతుంది కనుక ఆ మైళ్ళు ఈ పనికి అంతగా అనుకూలించవు.

ఒక జాగ్రత్త మరీ గట్టిగా చెప్పాలి. మైళ్ళతో తీసిన టికెట్టును అమ్మకూడదన్నది అన్ని సంస్థల నిబంధన. ప్రయాణికుడి దగ్గర ఒక్క దిర్హమ్ తీసుకున్నా అది అమ్మకమే అవుతుంది, సంస్థ టికెట్టునూ రద్దు చేయవచ్చు, దాత ఖాతానూ మూసివేయవచ్చు. మనం తీసుకోకపోవచ్చు, కానీ మధ్యలో ఏజెంటు ఉంటే అతను తీసుకుంటాడు. గల్ఫ్ ప్రయాణం మొదలైన నాటి నుంచి కార్మికుణ్ణి పీల్చి పిప్పి చేసింది ఏజెంట్లే. దాతల టికెట్టును కూడా అతనికే అమ్మగల వాళ్ళు ఉన్నారు. అందువల్ల టికెట్టు కాగితం ఏజెంటుకు గానీ, తెలిసినవాడినని చెప్పుకునే మరొకరికి గానీ పంపకూడదు. కార్మికుడి ఫోనుకు, ఊళ్ళో అతని ఇంటివాళ్ళ ఫోనుకు నేరుగా పంపి, ఇది ఉచితమనీ ఎవరికీ ఏమీ ఇవ్వనక్కరలేదనీ తెలుగులో నోటితో చెప్పాలి. అతనికి చదువు వచ్చో రాదో మనకు తెలియదు కదా.

మృతదేహాల తరలింపు గురించి కూడా ఇక్కడ ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మైళ్ళ దానం ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ మనవాళ్ళు ముందుగా అడిగేది అదే. పార్థివ దేహం కార్గోగా వస్తుంది, ఆ ఖర్చు మైళ్ళతో చెల్లదు. దానికి సంక్షేమ నిధి, సంఘాలు, నగదు విరాళాలే దిక్కు. కానీ శవపేటికతో పాటు రావలసిన సహచరుడి టికెట్టు మైళ్ళతో తీయవచ్చు. అమెరికాలో ప్రమాదంలోనో అనారోగ్యంతోనో ఆసుపత్రి పాలైన విద్యార్థి దగ్గరకు అత్యవసర వీసా మీద రావలసిన తల్లిదండ్రుల టికెట్లూ తీయవచ్చు. రేపో ఎల్లుండో బయల్దేరవలసిన టికెట్టు ధర ఆకాశాన్నంటుతుంది. ఆ సమయంలో మైళ్ళకు సీటు దొరికితే అంతకంటే మంచి వినియోగం లేదు. ఇటువంటి సందర్భాల్లో మనవాళ్ళు ఆన్‌లైనులో విరాళాలు సేకరిస్తారు, గంటల్లో వేల డాలర్లు పోగవుతాయి. అదే విజ్ఞప్తిలో మైళ్ళు ఉన్నవారు సంప్రదించండి అని ఒక్క వాక్యం చేర్చితే, పోగైన డబ్బంతా ఆసుపత్రి బిల్లుకు, అంత్యక్రియలకు మిగులుతుంది.

ఇది ఒకరిద్దరు వ్యక్తులు చేస్తే సరిపోయే పని కాదు. తానా, ఆటా, నాట్స్ వంటి అమెరికా తెలుగు సంఘాలకు ఆపదలో ఉన్న తెలుగువారిని ఆదుకునే బృందాలు ఇప్పటికే ఉన్నాయి. విద్యార్థుల మరణాల సమయంలో ఆ బృందాల వాలంటీర్లు రాత్రింబవళ్ళు పడే శ్రమ అందరికీ తెలిసినదే. ఆ బృందాలు మైల్స్ ఫర్ మైగ్రెంట్స్ పద్ధతిలో, మైళ్ళను బదిలీ చేయించుకోకుండా, ఇస్తామన్నవారి జాబితా మాత్రం తయారు చేసుకుని, అవసరం వచ్చినప్పుడు వారిని పిలిచే ఏర్పాటు చేయాలని నా విన్నపం. మహాసభలకు వేలమంది ఒక చోట చేరుతారు. నగల దుకాణాలకు, స్థిరాస్తి సంస్థలకు వరుసగా స్టాళ్ళు ఇచ్చే చోట, మైళ్ళు ఇవ్వదలచినవారు పేరు నమోదు చేసుకునేందుకు ఒక బల్ల వేయడం కష్టం కాదు. గల్ఫ్ వైపు ఎవరికి నిజంగా అవసరం ఉందో నిర్ధారించడం అమెరికాలో కూర్చుని చేయగల పని కాదు కనుక, అక్కడి తెలుగు సంఘాలు, ఆంధ్రప్రదేశ్ ప్రవాసాంధ్రుల సొసైటీ, తెలంగాణ ప్రభుత్వ ఎన్నారై విభాగం, రాయబార కార్యాలయాల సంక్షేమాధికారులు ఆ పేర్లు ధ్రువీకరించి పంపాలి. ఔట్‌పాస్ సంఖ్య లేని విజ్ఞప్తిని ముందుకు తీసుకోకూడదన్న నియమం ఒక్కటి పెట్టుకున్నా మోసాలు చాలావరకు ఆగిపోతాయి.

మన విమాన సంస్థలు కూడా ఆలోచించాలి. ఎయిర్ ఇండియా ఫ్లయింగ్ రిటర్న్స్‌ను 2025లో మహారాజా క్లబ్ అని పేరు మార్చి కొత్తగా తీర్చిదిద్దింది. ఇండిగో 2024లో బ్లూచిప్ పేరుతో పాయింట్ల పథకం తెచ్చింది. గల్ఫ్‌కూ తెలుగు రాష్ట్రాలకూ మధ్య తిరిగే కార్మికులు ఈ సంస్థల ఆదాయానికి కొండంత అండ. సభ్యులు వదులుకోదలచిన పాయింట్లను ఒక ఉమ్మడి ఖాతాలో వేసి, రాయబార కార్యాలయం సిఫారసు చేసినవారికి ఆ ఖాతాలోంచి టికెట్టు ఇచ్చే ఏర్పాటు ఈ సంస్థలు తలచుకుంటే కొద్ది నెలల్లో చేయవచ్చు. ఎయిర్ కెనడా తన సభ్యులు ఇచ్చినన్ని పాయింట్లు తానూ కలిపే వారాలు ప్రకటిస్తుంటుంది. ఇక్కడి సంస్థలు కనీసం క్షమాభిక్ష గడువులో అయినా అటువంటిది చేస్తే బాగుంటుంది. క్యాన్సర్ రోగులకు రైల్వేలు స్లీపరులో, మూడో ఏసీలో పూర్తి రాయితీ ఇస్తున్నాయి. రోగనిరోధక శక్తి తగ్గిపోయి, రద్దీ బోగీలో రాత్రంతా ప్రయాణించకూడదని డాక్టర్లు చెప్పిన పిల్లలకు విమానం తప్పనిసరి అవుతుంది. అటువంటి పిల్లల కోసం పెద్ద ఆసుపత్రుల సామాజిక సేవా విభాగాలకు కొన్ని పాయింట్లు కేటాయించడమూ ఇదే ఉమ్మడి ఖాతాతో సాధ్యం.

మీ పత్రికకూ ఒక విన్నపం. సాయం కోరే గల్ఫ్ కార్మికుల వార్త వేసేటప్పుడు బ్యాంకు ఖాతా సంఖ్యతో పాటు, ఆ మనిషి ఉన్న దేశం, దగ్గరి ఎయిర్‌పోర్టు, ఔట్‌పాస్ వచ్చిందీ లేనిదీ, ఎప్పటిలోగా బయల్దేరాలో కూడా రాయించండి. ఈ నాలుగు వివరాలు ఉంటే, ఎడిసన్‌లోనో డల్లాస్‌లోనో టొరంటోలోనో ఉన్న పాఠకుడు తన దగ్గర ఉన్న మైళ్ళు ఆ దారికి పనికొస్తాయో లేదో అప్పటికప్పుడు తేల్చుకోగలుగుతాడు. పాస్‌పోర్టు సంఖ్యలను, ఫొటోలను మాత్రం పత్రికలో అచ్చు వేయవద్దు. వాటిని ధ్రువీకరించిన సంఘం ద్వారా దాతకు చేర్చడమే క్షేమం.

ఈసారి ఏ దేశం, ఎప్పుడు క్షమాభిక్ష ప్రకటిస్తుందో ముందుగా తెలియదు. ప్రకటించాక దొరికేది కొద్ది నెలలే. అందులో మొదటి నెల ఔట్‌పాస్ కోసం తిరగడంతోనే గడిచిపోతుంది, చివరి వారాల్లో అందరూ ఒకేసారి బయల్దేరుతారు కనుక మైళ్ళ సీట్లు కరువవుతాయి. దాతల జాబితా, సీట్లు వెతకడం వచ్చిన వాలంటీర్లు, రాయబార కార్యాలయంతో మాట్లాడగల మనిషి, ఈ మూడూ ప్రకటన రాకముందే సిద్ధంగా ఉండాలి. సీట్లు వెతకడం నేర్పమంటే సాయంత్రాలు నేర్పడానికి నేను సిద్ధం. సంఘాల బాధ్యులు మీ పత్రిక ద్వారా నన్ను సంప్రదించవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఎడిసన్, న్యూజెర్సీ